చలికాలానికి ముందు డీజిల్ లారీకి కొత్త బ్యాటరీల జత: మూడు రకాలు వాడిన తర్వాత

బ్యాటరీ గురించి సమీక్ష రాయాలంటే కనీసం ఒక చలికాలం, ఒక వేసవి గడవాలి. కొన్న వారంలోనే రాసే అభిప్రాయానికి ఇక్కడ విలువ లేదు, ఎందుకంటే కొత్త బ్యాటరీ ఏదైనా వారం రోజులు బ్రహ్మాండంగానే పనిచేస్తుంది. నా దగ్గరున్న రెండు డీజిల్ లారీలకు పోయినేడాది చలి మొదలవడానికి సుమారు నెల ముందు పాత బ్యాటరీలు తీసేసి, పెద్ద లారీకి ఈఎఫ్‌బీ రకం (మెరుగుపరచిన యాసిడ్ బ్యాటరీ) జతను, చిన్నదానికి ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజునూలు చాపల్లో పట్టి ఉంచేది) జతను బిగించాను. అంతకుముందు రెండింటిలోనూ మామూలు యాసిడ్ బ్యాటరీలే ఉండేవి. రెండూ 24 వోల్టుల బండ్లు, అంటే ఒక్కోదానిలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఉంటాయి. తయారీదారుల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకే కంపెనీ ఒకే సైజులో మూడు నాలుగు శ్రేణుల బ్యాటరీలు అమ్ముతుంది, వాటి లోపలి నిర్మాణం ఒకటి కాదు, కాబట్టి పేరు చూసి కొన్నవారికి ఏ రకం చేతికొచ్చిందో ఆ పేరు చెప్పదు.

ఈ మార్పులన్నింటికీ మూలమైన పొరపాటు నాదే. అంతకు ఏడాది ముందు పెద్ద లారీలోని జతలో ఒక బ్యాటరీకి లోపలి ఆరు గదుల్లో ఒకటి, అంటే ఒక సెల్ పోయింది. రెండోది ఇంకా బాగానే ఉంది కదా అని, దుకాణంలో కూడా అదే మాట అన్నారని, ఒక్కదాన్నే మార్చాను. అందులోనూ, వరుసగా పెట్టి ఉన్నవాటిలో పెట్టె మీద అన్నింటికంటే పెద్ద సీసీఏ అంకె (చలిలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది) ఉన్నదాన్ని ఏరి తెచ్చుకున్నాను. పది నెలలు తిరక్కముందే పాతది పూర్తిగా పడిపోయింది, కొత్తదానిలో డిస్టిల్డ్ వాటర్ మాటిమాటికీ తగ్గిపోసాగింది. కారణం తర్వాత అర్థమైంది. సిరీస్‌లో ఉన్న రెండు బ్యాటరీల గుండా ఒకటే కరెంటు ప్రవహిస్తుంది. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీలను నింపే ఆల్టర్నేటర్‌కు తెలిసేది ఆ రెండింటి మొత్తం వోల్టేజీయే తప్ప ఒక్కోదాని పరిస్థితి విడిగా తెలియదు. ముందుగా నిండిన కొత్త బ్యాటరీ తన వాటాకు మించిన వోల్టేజీ మోస్తూ నీటిని వాయువులుగా పోగొట్టుకుంటుంది, వెనకబడిన పాతది ఎప్పటికీ పూర్తిగా నిండక ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడిపోతుంది. జతలో ఒక్కటి మార్చి ఆదా చేశాననుకున్నాను. చివరికి ఏడాదిలోపే మూడు బ్యాటరీలు కొన్నవాడినయ్యాను.

డీజిల్ బండికే ఈ బాధ ఎక్కువ ఎందుకో ఒక్క మాటలో చెప్పుకుంటే తర్వాతి విషయాలు సులభంగా తెలుస్తాయి. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు అణిచి, ఆ ఒత్తిడితో పుట్టే వేడితోనే ఇంధనం అంటుకోవాలి. చల్లబడిన సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి, కాబట్టి క్రాంక్ తగినంత వేగంగా తిరగకపోతే గాలి వేడెక్కే లోపే చల్లారిపోతుంది. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడమే కష్టమవుతుంది. సిలిండర్‌నో లోపలికి వచ్చే గాలినో ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులో ఇన్‌టేక్ హీటరో ఉన్న బండి అయితే సెల్ఫ్ తిరగకముందే అవి బ్యాటరీ నుంచి పెద్ద మొత్తంలో కరెంటు లాగి ఉంటాయి. సరిగ్గా అదే సమయంలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. సున్నాకు 18 డిగ్రీలు దిగువన, వెచ్చని రోజున ఇచ్చే బలంలో సగం కూడా బ్యాటరీ ఇవ్వలేదు, ఇంజిన్ మాత్రం తిరగడానికి దాదాపు రెట్టింపు శ్రమ కోరుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టన్నమాట.

అయితే బ్యాటరీని చంపేది చలి కాదు, వేసవి. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ బ్యాటరీ లోపల గ్రిడ్లు తుప్పుపట్టే వేగం సుమారు రెట్టింపవుతుంది, నీరు కూడా త్వరగా తగ్గుతుంది. వేసవిలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ నష్టం ఎవరికీ కనిపించదు. మొదటి గట్టి చలి పడిన తెల్లవారుజామున అది ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే పరీక్ష చేయవలసిన కాలం వేసవి ముగిసి చలి ఇంకా రాని ఆ మధ్య వారాలే. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ఏ స్విచ్చూ వేయకముందు ఒక్కో బ్యాటరీ వోల్టేజీని విడివిడిగా చూడాలి. మామూలు యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులకు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 దగ్గర ఉంటే పావు వంతే మిగిలినట్టు. జతలో రెండింటి మధ్య తేడా 0.2 వోల్టుకు మించితే అక్కడ ఏదో జరుగుతోందని నేను లెక్కవేసుకుంటాను. బండి ఆపిన వెంటనే చూస్తే ప్లేట్ల పైపైన నిలిచిన చార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది.

వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదన్నది ఆ తర్వాతి మెట్టు. పాతబడిన బ్యాటరీ చార్జి పెట్టగానే 12.6 చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. కాబట్టి నిండుగా చార్జి చేసిన తర్వాత, దాని సీసీఏ అంకెలో సగం ఆంపియర్ల లోడును పదిహేను సెకన్లు పెట్టి చూడటం పాత పద్ధతే అయినా నమ్మదగినది. 21 డిగ్రీల దగ్గర అది 9.6 వోల్టులకు దిగువకు పడిపోకూడదు. ఇప్పుడు దుకాణాల్లో బ్యాటరీ కరెంటును ఎంత తేలిగ్గా పారనిస్తుందో కొలిచే, చేతిలో ఇమిడే కండక్టెన్స్ టెస్టర్లు వచ్చాయి. అవి త్వరగా తేల్చేస్తాయి, కానీ సగం చార్జిలో ఉన్న బ్యాటరీని పెడితే అవి చెప్పే తీర్పు మీద నాకు అంత గురి లేదు. పైన మూతలు ఉన్న రకమైతే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్‌లోనూ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం చూడటాన్ని మించిన పరీక్ష లేదు. 1.265 దాటి ఉంటే నిండుగా ఉన్నట్టు, ఐదు సెల్స్ ఒకలా ఉండి ఆరోది 0.05 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఇక ఆశ పెట్టుకోనక్కరలేదు.

ఇక పెట్టె మీద పెద్దగా అచ్చువేసే ఆ సీసీఏ అంకె సంగతి. అమెరికా ఎస్‌ఏఈ పద్ధతి ప్రకారం, సున్నాకు 18 డిగ్రీలు దిగువన 12 వోల్టుల కొత్త బ్యాటరీ ముప్పై సెకన్ల పాటు 7.2 వోల్టులకు తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ సంఖ్యే సీసీఏ. ఐరోపా ఈఎన్ పద్ధతిలో అదే చలిలో పది సెకన్ల తర్వాత 7.5 వోల్టులు ఉండాలి, ఆ తర్వాత మరో దశ కూడా ఉంటుంది. జర్మనీ వారి పాత డిన్ పద్ధతి ఇంకా కఠినమైనది కనుక అదే బ్యాటరీకి దానిలో అంకె బాగా తక్కువ వస్తుంది. ఇవి చాలవన్నట్టు కొందరు సీసీఏకు బదులు సీఏ అనే అంకె వేస్తారు. అది సున్నా డిగ్రీల దగ్గర కొలిచినది కాబట్టి సుమారు పాతిక శాతం పెద్దగా కనిపిస్తుంది. అందువల్ల రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చే ముందు ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏ పద్ధతి రాసి ఉందో చూడటం తప్పనిసరి. మొదటిసారి నేను చూడలేదు. నేను ఏరి తెచ్చిన ఆ గొప్ప అంకె సీఏ అని ఇంటికొచ్చాక తెలిసింది.

పద్ధతి ఒకటే అయినా పెద్ద అంకె ఉన్నదే మంచిదని చెప్పలేం. సీసీఏ పెరగాలంటే యాసిడ్‌కు తగిలే ప్లేట్ల వైశాల్యం పెరగాలి. పెట్టె సైజు మారదు కాబట్టి పలచని ప్లేట్లను ఎక్కువ సంఖ్యలో ఇరికించాలి. పలచని ప్లేటు ఒక్కసారిగా కరెంటు గుమ్మరిస్తుంది గానీ, గతుకుల దారి కుదుపులకూ, రాత్రంతా లైట్లూ ఫ్యానూ వాడి లోతుగా దించేయడానికీ తట్టుకోదు. నగరంలో పగలు తిరిగి సాయంత్రం షెడ్డుకు చేరే బండికి, రాత్రిళ్లు క్యాబిన్‌లోనే పడుకునే డ్రైవర్ బండికి ఒకే బ్యాటరీ సరిపోదని దీని అర్థం. ఇంజిన్ తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌లో కనీస సీసీఏ ఎంతో రాసి ఉంటుంది. దానికి తగ్గకూడదు, చలి ఎక్కువగా ఉండే దారులైతే కొంత మిగులు చూసుకోవాలి, అక్కడితో ఆగి మిగిలిన శ్రద్ధను రిజర్వ్ కెపాసిటీ మీద పెట్టాలి. 27 డిగ్రీల దగ్గర 25 ఆంపియర్లు లాగుతూ ఉంటే 10.5 వోల్టులకు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పేదే ఆ అంకె. కొన్ని పెట్టెల మీద దానికి బదులు ఇరవై గంటల లెక్కన ఆంపియర్ అవర్ మాత్రమే ఉంటుంది, అదీ పనికొచ్చేదే. మొదటి సెల్ఫ్ అందుకోక రెండోసారి, మూడోసారి కొట్టవలసి వచ్చినప్పుడు ఆదుకునేది ఈ నిల్వే.

మామూలు యాసిడ్ బ్యాటరీని నేను తీసిపారేయను. రోజూ గంటల తరబడి నడిచి, రాత్రి కరెంటు వాడకం లేని బండికి, బరువు వాహనాల కోసమే చేసిన మందపు ప్లేట్ల యాసిడ్ బ్యాటరీ ఇప్పటికీ సరైన ఎంపికే. నీరు పోయవచ్చు, గ్రావిటీ చూడవచ్చు, జబ్బు ఏ సెల్‌లో ఉందో తెలుసుకోవచ్చు, వేడికి కూడా ఓర్చుకుంటుంది. దాని బలహీనత సగం చార్జిలో బతకడం. ఎప్పుడూ పూర్తిగా నిండకపోతే బరువైన యాసిడ్ అడుగుకు దిగి, పైన పలచని నీరులాంటిది మిగులుతుంది. ప్లేట్ల పైభాగం పనిచేయదు, కిందిభాగం సల్ఫేట్ పట్టిపోతుంది. చలిలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి జరిగేది సరిగ్గా ఇదే. నా రెండు లారీలూ మార్కెట్ సరకు వేసుకుని ఆగుతూ, దించుతూ, మళ్లీ సెల్ఫ్ కొడుతూ తిరిగేవి కావడంతో మామూలు జతలు రెండేళ్లు దాటి నిలవలేదు.

ఈఎఫ్‌బీ అనేది అదే యాసిడ్ బ్యాటరీకి చేసిన మెరుగుదల. పాజిటివ్ ప్లేట్ మీది పదార్థం రాలిపోకుండా పాలియెస్టర్ పొరతో పట్టి ఉంచుతారు, నెగటివ్ ప్లేట్‌లో కార్బన్ కలిపి చార్జిని త్వరగా తీసుకునేలా చేస్తారు. లారీల కోసం చేసినవాటిలో కొన్నింటికి బండి కుదుపులతోనే యాసిడ్ కలిసిపోయేలా లోపల చిన్న ఏర్పాటు కూడా ఉంటుంది. పెద్ద లారీలో వేసిన జత ఇదే. చూడటానికి మామూలుదానికి భిన్నంగా ఏమీ లేదు, బరువు కాస్త ఎక్కువ. మొదటి రెండు నెలల్లో తేడా నాకు కనిపించలేదనే చెప్పాలి. డిసెంబరు చివర్లో, సరకు దింపడం ఆలస్యమై మూడు రోజులు రోజుకు గంట కూడా నడవని వారంలో తెలిసింది. నాలుగో రోజు తెల్లవారుజామున ఒక్కోటి 12.45 దగ్గర ఉన్నాయి, సెల్ఫ్ మాత్రం తడబడకుండా ఇంజిన్‌ను తిప్పింది. పాత జత అయితే ఆ వారంలో కచ్చితంగా ఇంకో బండి కోసం, జంపర్ కేబుళ్ల కోసం వెతుక్కునేవాళ్లం. చార్జిని త్వరగా తీసుకోవడమే దీని అసలు గుణం. చలిలో ఏ బ్యాటరీ అయినా చార్జిని మెల్లగా తీసుకుంటుంది, ఆ మెల్లదనంలో ఈ కొద్దిపాటి చురుకుదనానికి చాలా విలువ ఉంది. నాకున్న ఒకే ఫిర్యాదు, నా జతకు పైన మూతలు లేకపోవడం. గ్రావిటీ చూసే అలవాటు ఉన్నవాడికి అది కళ్లకు గంతలు కట్టినట్టే ఉంటుంది.

ఏజీఎంలో యాసిడ్ స్వేచ్ఛగా ఉండదు. ప్లేట్ల మధ్య అతి సన్నని గాజునూలు చాపలు ఆ యాసిడ్‌నంతా పీల్చి పట్టుకుంటాయి. ప్లేట్లూ చాపలూ గట్టిగా అదిమి ఉండటంతో కుదుపులకు పదార్థం రాలదు, లోపలి నిరోధం తక్కువ కనుక ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తుంది, యాసిడ్ అడుగుకు దిగే సమస్యే లేదు, ఒరిగినా ఒలకదు. నిండుగా ఉన్నప్పుడు 12.8 వోల్టులకు పైన చూపిస్తుంది కాబట్టి మామూలుదాని లెక్కలు దీనికి వాడకూడదు, ఏజీఎం 12.6 దగ్గర ఉంటే అది కొంత దిగినట్టే. చిన్న లారీలో చలికాలం పొడవునా దీని ప్రవర్తన నిజంగా ముచ్చటగా ఉంది. క్యాబిన్ హీటర్ బ్లోయర్, లైట్లు, ఫోన్ చార్జర్లు, జీపీఎస్ పెట్టె అన్నీ రాత్రంతా లాగిన తర్వాత కూడా పొద్దున్నే సెల్ఫ్ శబ్దంలో మార్పు వినిపించలేదు. గ్లో ప్లగ్గులు వేడెక్కుతున్నప్పుడు డాష్‌బోర్డు లైట్లు ఇదివరకటిలా మసకబారడం కూడా ఆగిపోయింది.

కానీ ఏజీఎం రెండు విషయాల్లో సుకుమారం, ఆ రెండూ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. మొదటిది వేడి, రెండోది అధిక చార్జింగ్. మామూలు బ్యాటరీలో నీరు తగ్గితే పోసుకుంటాం. ఇందులో వాల్వు తెరుచుకుని ఒకసారి బయటికి పోయిన వాయువు వల్ల తగ్గిన నీటిని తిరిగి నింపే దారి లేదు. రెగ్యులేటర్ కొద్దిగా చెడి వోల్టేజీ ఎక్కువ ఇస్తున్న పాత ఆల్టర్నేటర్ మీద ఖరీదైన ఏజీఎం జత పెట్టడం అంటే దాన్ని మెల్లగా ఎండబెట్టడమే. బ్యాటరీ పెట్టె ఛాసిస్ పక్కన గాలి తగిలే చోట ఉన్న బండికి అది సరిపోతుంది. ఇంజిన్ పక్కనో, సైలెన్సర్‌కు దగ్గరగానో ఉన్న బండికి నేను సిఫారసు చేయను. ఒకే జతలో ఒకటి ఏజీఎం, ఒకటి మామూలుది పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. వాటి చార్జింగ్ స్వభావాలే వేరు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల గురించి కూడా ఈ మధ్య అడుగుతున్నారు. బరువు తక్కువ, మన్నిక ఎక్కువ, నిజమే. సున్నా డిగ్రీల దిగువన వాటిని చార్జి చేస్తే లోపలి ఎలక్ట్రోడ్ మీద లిథియం లోహం పేరుకుని దెబ్బతింటాయి, అందుకని లోపలి రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌నే ఆపేస్తుంది. హీటర్ ఉన్న రకమైతే తప్ప చలిలో సెల్ఫ్ కొట్టే పనికి వాటిని నేను ఎంచుకోను. అల్ట్రా కెపాసిటర్ పెట్టెలు చలిని లెక్కచేయకుండా సెల్ఫ్‌కు కరెంటు ఇస్తాయని తెలుసు, నేను వాడలేదు కాబట్టి అంతకుమించి రాయను.

ఏ రకం కొన్నా అది ఎంత తాజాదన్నది రకం కంటే ముఖ్యమని నేను అనుకోవడానికి కారణం ఉంది. యాసిడ్ నింపి గోడౌన్‌లో ఉంచిన బ్యాటరీ తనంతట తానే దిగిపోతూ ఉంటుంది. వేడి గోడౌన్‌లో ఇంకా త్వరగా. అలా దిగి నెలల తరబడి ఉన్నదాని ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది, అంటే కొన్న రోజే దానికి కొంత వయసు పడినట్టే. పెట్టె మీదనో టెర్మినల్ మీదనో తయారీ తేదీ కోడ్ ఉంటుంది. చాలామంది తయారీదారులు నెలకు ఒక అక్షరం, సంవత్సరానికి ఒక అంకె వాడతారు, మొదటి అక్షరం జనవరి. చదవడం రాకపోతే అమ్మేవారినే అడిగి చదివించుకోవాలి. నేను మూడు నెలలకు మించినదాన్ని తీసుకోను, జతలో రెండింటికీ ఒకటే కోడ్ ఉండాలని పట్టుబడతాను. ఈఎఫ్‌బీ జత కొన్నచోట మొదట తెచ్చిచ్చినవాటిలో ఒకటి ఎనిమిది నెలల నాటిది. మీటరు పెడితే 12.38. మర్యాదగానే వద్దన్నాను, లోపలి నుంచి వేరే జత తెచ్చారు. మీటరు చేతిలో లేకుండా వెళ్లి ఉంటే ఆ 12.38 నా లారీలోకే వచ్చి ఉండేది. వారంటీ కాగితం విషయంలో కూడా, మొత్తం ఎన్ని నెలలని కాకుండా అందులో ఎన్ని నెలలు పూర్తిగా కొత్తది ఇస్తారు, ఎన్ని నెలలు వాడకాన్ని బట్టి తగ్గింపు మాత్రమే ఇస్తారు అని విడదీసి అడగడం మేలు. పెట్టె మీద కనిపించే పెద్ద సంఖ్యలో రెండోది కూడా కలిసి ఉండవచ్చు.

సైజు, టెర్మినళ్ల స్థానం, పాజిటివ్ ఏ పక్కన ఉందన్నది పాతదానితో సరిపోల్చి తీసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తీగ అందక లాగి బిగించిన క్లాంపు వదులవడం నేను చాలాసార్లు చూశాను. పెట్టె ట్రేలో కదలకుండా పట్టీతో గట్టిగా బిగిసి ఉండాలి. డీజిల్ బండి కుదుపుల్లో వదులుగా ఊగే బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా ప్లేట్లు రాల్చుకుంటుంది. ఆ ట్రే తుప్పును గీకి రంగు వేయడానికి ఇంతకంటే మంచి సమయం రాదు.

పాత బ్యాటరీ మీద నేరం మోపే ముందు తీగలను విచారించడం న్యాయం. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పోస్టుకూ దాని మీది క్లాంపుకూ మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా చూపాలి. ఒక్కో కలయిక దగ్గర 0.2 వోల్టుకు మించి పోతుంటే అక్కడ తుప్పో వదులో ఉన్నట్టు. ఎర్త్ తీగ ఛాసిస్‌కు తగిలే చోటు, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ, ఈ రెండూ అందరూ మరిచిపోయేవి. పెద్ద లారీలో ఆ పట్టీ సగం తెగి నాలుగైదు పోగుల మీద వేలాడుతూ ఉంది. దాన్ని మార్చిన రోజు పాత బ్యాటరీలతోనే సెల్ఫ్ వేగం పెరిగింది. అప్పుడు కాసేపు, కొత్త జత అనవసరమేమో అనిపించిన మాట నిజం. లోడు పరీక్షలో 8.9కి పడిపోవడంతో ఆ అనుమానం తీరింది.

24 వోల్టుల బండ్లలో అన్నింటికంటే ఎక్కువ జతలను పాడుచేసే అలవాటు ఒకటుంది. 12 వోల్టుల పాటల సెట్టునో, చార్జరునో, ఫ్యానునో తెచ్చి, సిరీస్‌లో ఉన్న రెండింటిలో ఎర్త్ వైపున్న ఒక్క బ్యాటరీకే తీగ కలిపేస్తారు. పని జరిగిపోతుంది. కానీ ఆ ఒక్క బ్యాటరీ రోజూ తనతోటిదానికంటే ఎక్కువ దిగుతుంది, ఆల్టర్నేటర్ మాత్రం రెండింటికీ సమానంగానే కరెంటు పంపుతుంది. ఫలితం, ఒకే రోజు ఒకే కోడ్‌తో కొన్న జత కూడా కొన్ని నెలల్లో ఒకటి ఆకలితో, ఒకటి అజీర్తితో బాధపడే జతగా మారుతుంది. నా మొదటి బ్యాటరీకి సెల్ పోవడానికీ బహుశా కారణం ఇదే, ఎందుకంటే పోయింది సరిగ్గా పాటల సెట్టు తగిలించిన బ్యాటరీయే. ఈసారి 24 నుంచి 12కి మార్చే కన్వర్టరు పెట్టించి, రెండింటి మీదా సమానంగా భారం పడేలా చేశాను. 12 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు సమాంతరంగా ఉంటే ఈ గొడవ ఉండదు. అక్కడ వోల్టేజీ మారదు, రెండింటి సీసీఏ కలుస్తుంది. అయితే బలహీనమైనది బలమైనదాన్ని రాత్రంతా తన వైపు దించుకుంటూ ఉంటుంది కనుక జతగానే మార్చాలన్న నియమం అక్కడా వర్తిస్తుంది.

బిగించే ముందు రెండు కొత్త బ్యాటరీలనూ విడివిడిగా చార్జర్ మీద పెట్టి పూర్తిగా నింపాను. కొత్తదానికి చార్జింగ్ దేనికని దుకాణంలో నవ్వారు. జతలో రెండూ ఒకే మెట్టు మీద నుంచి మొదలుకావడం ముఖ్యం, ఆల్టర్నేటర్ ఆ పని చేసి పెట్టదు. అది దిగిన బ్యాటరీని అంచు వరకు నింపడానికి కాక, నిండినదాన్ని నిండుగా ఉంచడానికి తయారైన యంత్రం. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా రెండు బ్యాటరీల మీదా కలిపి 28 నుంచి 28.8 వోల్టుల మధ్య వస్తోందా అని చూశాను. ఏజీఎం జతకు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితి ఎంతో చూసి దానికి లోపలే ఉందని నిర్ధారించుకున్నాను. తీసేటప్పుడు ముందు ఎర్త్, పెట్టేటప్పుడు చివర ఎర్త్ అన్న వరస అందరికీ తెలిసిందే. చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ కాల్చకూడదన్నది కూడా తెలిసిందే, అయినా షెడ్డులో గుర్తుచేయాల్సి వచ్చింది.

దిగిపోయిన బ్యాటరీని గడ్డకట్టే చలిలో వదిలేయకూడదని కూడా చెప్పాలి. నిండుగా ఉన్న యాసిడ్ సున్నాకు యాభై డిగ్రీలు దిగువకు పోయినా గడ్డకట్టదు. పూర్తిగా దిగినదానిలో దాదాపు నీరే మిగులుతుంది కనుక అది సున్నాకు పది డిగ్రీల దిగువకు పోకముందే గడ్డకట్టి పెట్టెనే చీల్చగలదు. అలా గడ్డకట్టినదానికి చార్జర్ తగిలించడం ప్రమాదం.

రెండు లారీల మధ్య నన్ను ఒకదాన్ని ఎంచుకోమంటే, ఇప్పటికి ఈఎఫ్‌బీ జత వైపే మొగ్గుతాను. చలిలో ఏజీఎం స్పష్టంగా మెరుగు, అందులో సందేహం లేదు. వేసవి తర్వాత తీసిన కొలతలే నన్ను ఆలోచనలో పడేశాయి. ఈఎఫ్‌బీ రెండూ 12.66, 12.64 చూపించాయి, లోడు పరీక్షలో దాదాపు కొత్తవాటిలాగే నిలిచాయి. ఏజీఎంలో ఒకటి 12.84, రెండోది 12.71. నేను పెట్టుకున్న 0.2 హద్దు దాటకపోయినా, ఇంత కొత్త జతలో అంత తేడా ఉండకూడదు. తక్కువ చూపించినది సైలెన్సర్ వైపు ఉన్నది. దాని పక్క గోడ మీద మధ్యాహ్నం ప్రయాణం ముగిశాక చేయి ఆనించలేనంత వేడి ఉంది. తప్పు బ్యాటరీది కాదు, దాన్ని అక్కడ పెట్టిన నాది. ఈ వారం రెండింటినీ విడిగా చార్జి చేసి, స్థానాలు మార్చి, మధ్యలో రేకు అడ్డం పెట్టిస్తున్నాను. మొదటి చలి పడ్డాక మళ్లీ కొలతలు తీసి ఇదే సమీక్షలో కలుపుతాను.